మాట్లాడుకోకపోయినా పర్లేదు, పాస్ ఇవ్వాలి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్రతి సీజన్‌లోనూ ఇలాంటి వీడియో ఒకటి బయటికొస్తుంది. టైమౌట్‌లో ఒక స్టార్ చెయ్యి చాపుతాడు, రెండోవాడు పట్టించుకోకుండా బెంచ్ చివరికెళ్లి కూర్చుంటాడు. లేదంటే పాస్ రాలేదని ఒకడు చేతులు పైకెత్తి విసుక్కుంటాడు. ఆ కాస్త ముక్క పట్టుకుని అభిమానులు వారం రోజులు కొట్టుకుంటారు. వీళ్లిద్దరికీ పడట్లేదు, ఒకణ్ని వేరే జట్టుకి ట్రేడ్ చేసేయాలని ఒక వర్గం. గెలిస్తే అన్నీ సర్దుకుంటాయి, ఊరికే ఎందుకు టెన్షన్ పడతారని ఇంకో వర్గం. తెల్లవారుజామున లేచి మ్యాచ్ చూసి, ఆఫీసుకి బయల్దేరేలోపు వాట్సాప్‌లో ఈ తగువులోకి నేనూ దిగుతుంటాను. ఇన్నేళ్లుగా ఇవే మాటలు వింటుంటే, రెండు వర్గాలూ చూడాల్సిన చోట చూడటం లేదన్న నమ్మకం నాకు గట్టిపడింది.

ఇద్దరికీ పడుతుందా లేదా అని మొదలుపెడితే ఏ జట్టూ అర్థం కాదు. గొడవ దేని గురించి అని అడగాలి. "నువ్వు డిఫెన్స్‌కి వెనక్కి పరిగెత్తలేదు, నా మనిషి (అంటే నేను గార్డ్ చేయాల్సిన ప్రత్యర్థి) ఖాళీగా షాట్ వేసుకున్నాడు" అన్న గొడవ ఒక రకం. అది ఎంత గట్టిగా అరుచుకుని ఆడుకున్నా జట్టుకి మంచే చేస్తుంది. "ఇక్కడ నీకంటే నేను పెద్ద" అన్నది ఇంకో రకం. దాన్ని ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చకుండా వదిలేస్తే ఎంత గొప్ప జట్టయినా ఆ ఒక్కదానితోనే విడిపోతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: అదే మొహం చిట్లించడం, అదే చేతులు విసరడం. కాబట్టి వీడియో చూసి ఏ రకమో చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఈ వాదన ఎక్కడ మొదలైనా చివరికి షాక్, కోబీ దగ్గరికే చేరుతుంది కాబట్టి నేనూ అక్కడికే వెళతాను.

1996 వేసవిలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ రెండు పనులు చేసింది. షాక్ అని పిలిచే షకీల్ ఓనీల్‌ని ఏడేళ్లకి 120 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకుంది. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పదిహేడేళ్ల కోబీ బ్రయంట్‌ని, డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, 13వ స్థానంలో ఎంచుకున్న షార్లెట్ జట్టు నుంచి, తన ఆటగాడు వ్లాడే డివాచ్‌ని ఇచ్చి తీసుకుంది. ఒకడు అప్పటికే ఆటలో అందరికంటే బలవంతుడు. రెండోవాడు అందరికంటే గొప్పవాణ్ని అవుతానని వచ్చినవాడు. మొదట్నుంచీ పొసగలేదు. ఒకసారి ప్రాక్టీస్ ఆటలో మాటామాటా పెరిగి షాక్ కోబీ చెంప మీద కొట్టాడు. 1999లో ఫిల్ జాక్సన్ కోచ్‌గా వచ్చాక కూడా వాళ్ల మధ్య స్నేహమేమీ పుట్టలేదు. కానీ 2000, 2001, 2002లో వరసగా మూడు టైటిళ్లు వచ్చాయి.

2000 జూన్ 4న, ఫైనల్స్‌కి ముందు సిరీస్‌లో, పోర్ట్‌లాండ్‌తో ఏడో మ్యాచ్ (ముందు నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్). నాలుగో క్వార్టర్‌లో లేకర్స్ 15 పాయింట్లు వెనకబడి ఉంది. అక్కణ్నుంచి లేచి 89-84తో గెలిచింది. చివర్లో కోబీ స్కాటీ పిపెన్‌ని దాటుకుని లోపలికొచ్చి బంతిని రింగు పైకి విసిరాడు, షాక్ గాల్లోనే అందుకుని రింగులో దించేశాడు. ఆ తర్వాత షాక్ రెండు చేతులూ ఎత్తి పరిగెత్తే దృశ్యాన్ని ఇప్పటికీ కెమిస్ట్రీకి ఉదాహరణగా చూపిస్తుంటారు. నిజమే, అది కెమిస్ట్రీయే. కానీ ఆ బంతి వేసినవాడూ అందుకున్నవాడూ మిత్రులు కారు. పది రోజుల తర్వాత ఇండియానాపొలిస్‌లో ఫైనల్స్ నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. ఆరు ఫౌళ్లు పడి షాక్ బయటికెళ్లాల్సి వచ్చింది. చీలమండ బెణికి అంతకుముందు మ్యాచ్ ఆడలేకపోయిన కోబీ, ఆ ఓవర్‌టైమ్‌ని తన భుజాల మీద లాగి 120-118తో గెలిపించాడు.

ఇలా ఎలా కుదిరింది? ఎవరు పెద్ద అన్నది ఆ మూడేళ్లూ తేలిపోయి ఉంది, అందుకని. 2000లో షాక్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు. మూడు ఫైనల్స్‌లోనూ ఫైనల్స్ ఎంవీపీ అతనే. జాక్సన్ తెచ్చిన ట్రయాంగిల్ పద్ధతిలో బంతి ముందు లోపలికి, షాక్ చేతికి వెళ్లాలి. కోబీకి అది నచ్చలేదు, నచ్చలేదని బయటికే చెప్పాడు కూడా. 2000-01 సీజన్ సగంలో ఈ గొడవ పత్రికలకెక్కి, జట్టు చీలిపోతుందనే అందరూ అనుకున్నారు. కానీ ఆ వసంతంలో లేకర్స్ ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం సీజన్ చివర్లో జరిగే సిరీస్‌లలో) 15 గెలిచి ఒక్కటే ఓడింది. "ఇద్దరూ రాజీ పడ్డారు, అందుకే" అంటారు అభిమానులు. రాజీతోపాటు ఇంకోటీ జరిగింది, దాన్ని ఎవరూ చెప్పరు. పాదం గాయంతో సీజన్‌లో ఎక్కువ భాగం ఆడని డెరిక్ ఫిషర్ మార్చిలో తిరిగొచ్చి, ఆ ప్లేఆఫ్స్‌లో వేసిన మూడు పాయింట్ల షాట్లలో సగానికి పైగా పడేశాడు. షాక్ మీదికి ఇద్దరు వస్తే బంతి బయటికొచ్చేది, బయట షాట్ పడే మనిషి నిలబడి ఉన్నాడు. మనసులు కలవడం గురించి మనం చెప్పుకునే కథల్లో చాలాసార్లు ఇలాంటి ఫిషర్ ఒకడు ఉంటాడు.

ఆ తర్వాత కాలం మారింది. 2002 శరదృతువులో షాక్ కాలివేలి సర్జరీ వల్ల సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టాడు. అతనికి ముప్ఫై దాటాయి. అదే సీజన్‌లో కోబీ మ్యాచ్‌కి 30 పాయింట్ల సగటుతో ఆడాడు. అంటే 1999లో కుదిరిన లెక్క ఇప్పుడు ఉన్న మనుషులకి సరిపోదు. మళ్లీ కూర్చుని తేల్చాలి. తేల్చేవాళ్లు లేకపోయారు. తండ్రి ఉన్నంతకాలం ఒకే పొయ్యి మీద తిన్న అన్నదమ్ములు, వాటాలు రాయకుండా ఆయన పోతే గట్టు దగ్గర కర్రలు పట్టుకుంటారు చూడండి, సరిగ్గా అలాగే జరిగింది. 2003 అక్టోబరులో ఇద్దరూ మీడియా ముందే ఒకరినొకరు అనుకున్నారు. షాక్‌కి కావాల్సిన కాంట్రాక్ట్ పొడిగింపుకి యజమాని జెర్రీ బస్ ఒప్పుకోలేదు. లైంగిక దాడి ఆరోపణ కేసులో కోబీ కొలరాడో కోర్టుకి వెళ్లివస్తూ ఆడిన సీజన్ కూడా అదే; ఆ క్రిమినల్ కేసుని తర్వాత కొట్టేశారు. వీటన్నిటి మధ్యా జట్టు 2004 ఫైనల్స్ దాకా వెళ్లి డెట్రాయిట్ చేతిలో 4-1తో ఓడింది.

ఆ ఫైనల్స్ లెక్క చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. షాక్ వేసిన షాట్లలో 63 శాతం పడ్డాయి. కోబీవి 38 శాతం. అయినా ఎక్కువ షాట్లు వేసింది కోబీయే. వాళ్లకి పడకపోవడం అంతకుముందూ ఉంది, 2001లోనూ ఉంది. బంతి ముందు ఎవరికి వెళ్లాలన్న విషయంలో ఒప్పందం లేకపోవడం మాత్రం 2004లోనే కొత్త. నెల తిరిగేసరికి షాక్‌ని మయామీకి పంపేశారు. "వాళ్లు స్నేహితులై ఉంటే ఇంకో మూడు టైటిళ్లు వచ్చేవి" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. నేనొప్పుకోను. స్నేహితులైనా బంతి ఒకటే కదా. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "రేపట్నుంచి ఇలా ఆడదాం, నువ్విది వదులుకో, బదులుగా నీకిది" అని చెప్పే మనిషి కావాల్సింది. ఆ ఏడాది కోచ్‌కి కూడా కాంట్రాక్ట్ పొడిగించలేదు. చెప్పేదెవరు?

కాలేజీ రోజుల్లో నేనూ ఈ ఆట ఆడాను, జిల్లా స్థాయి టోర్నమెంట్ల దాకా. ఒక ఏడాది మా పాయింట్ గార్డుకీ (బంతి నడిపించేవాడికీ) నాకూ మాటల్లేవు. హాస్టల్లో ఏదో చిన్న విషయం దగ్గర చెడింది. కోర్టులోకి దిగితే మాత్రం నేను మూల నుంచి కట్ చేసిన (ఒక్కసారిగా రింగు వైపు పరిగెత్తిన) ప్రతిసారీ బంతి నా చేతిలో ఉండేది. తన మనిషి తనని దాటేస్తే నేను అడ్డం వెళ్లేవాణ్ని, నా మనిషిని తను చూసుకునేవాడు. పక్కవాడు ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు. ఆ మరుసటి ఏడాది జట్టంతా ప్రాణ స్నేహితులం. కలిసి టీ తాగేవాళ్లం, కలిసి సినిమాకి వెళ్లేవాళ్లం. కానీ వెనక్కి పరిగెత్తని స్నేహితుడికి "పరిగెత్తరా" అని గట్టిగా చెప్పడానికి అందరికీ మొహమాటం. ఆ జట్టు మొదటి రౌండ్లలోనే ఇంటికొచ్చేసేది. ఎన్‌బీఏకీ మా మట్టి కోర్టుకీ పోలిక లేదని తెలుసు. మొహమాటం మాత్రం ఎక్కడైనా మొహమాటమే.

ఇక బోస్టన్ సెల్టిక్స్. జేలెన్ బ్రౌన్‌ని 2016లో, జేసన్ టేటమ్‌ని 2017లో, ఇద్దర్నీ డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలోనే ఎంచుకుంది. ఇద్దరిదీ ఒకే సైజు, దాదాపు ఒకే రకం ఆట. ఇద్దరూ బయట్నుంచి లోపలికి బంతి తీసుకెళ్లి షాట్ వేసేవాళ్లు. అందుకే ఏటా అదే పాట: ఈ ఇద్దరూ కలిసి ఆడలేరు, ఒకణ్ని పంపేయాలి. 2022 ఫైనల్స్‌లో ఓడినప్పుడు ఆ పాట. 2023లో మయామీ చేతిలో సొంత కోర్టులో ఏడో మ్యాచ్ ఓడినప్పుడు ఇంకా గట్టిగా. ఆ రోజు మొదటి నిమిషంలోనే టేటమ్ చీలమండ మెలిపడింది, భారమంతా మీద పడి బ్రౌన్ ఎనిమిదిసార్లు బంతిని ప్రత్యర్థికి పోగొట్టాడు. ఆ వేసవిలోనే బోస్టన్ బ్రౌన్‌కి 304 మిలియన్ డాలర్ల దాకా వెళ్లే కాంట్రాక్ట్ ఇచ్చింది. అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలోనే అది అతి పెద్దది. ఎంతమంది నవ్వారో.

డాలస్‌లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు అక్కడికెళ్లాక ఆ ఊరి జట్టు మావెరిక్స్‌కి వీరాభిమాని అయ్యాడు. బోస్టన్, డాలస్ తలపడిన 2024 ఫైనల్స్ ముందు ఫోన్ చేసి, "అన్నా, మా లూకా, కైరీ ఎలా కలిసిపోయారో చూడు. మీ టేటమ్, బ్రౌన్ మొహమొహాలు చూసుకోరు. ఈసారి మాదే" అన్నాడు. "మొహాలు కాదురా, బ్రౌన్ ఎవరిని గార్డ్ చేస్తాడో చూడు" అన్నాను. మన దగ్గర ఉదయం ఆరింటికి మ్యాచ్, వాడికి అక్కడ రాత్రి. అయిదు మ్యాచ్‌లు, ప్రతిదాని తర్వాతా ఫోన్. బోస్టన్ 4-1తో గెలిచింది.

డాలస్ ఓడింది కెమిస్ట్రీ లేక కాదు. లూకా డాన్చిచ్, కైరీ అర్వింగ్ నిజంగానే బాగా కలిసి ఆడారు. బోస్టన్‌లో మాత్రం ఎవరి పని ఏమిటో అందరికీ తెలిసిపోయి ఉంది. ఆల్‌స్టార్ ఆడిన జ్రూ హాలిడే వచ్చి, ఎక్కువ షాట్లు అడగకుండా మూలన నిలబడి డిఫెన్స్ చూసుకోవడానికి ఒప్పుకున్నాడు. క్రిస్టాప్స్ పోర్జింగిస్ బయటికొచ్చి షాట్ వేస్తుంటే లోపల దారి తెరుచుకునేది. బ్రౌన్ మ్యాచ్ మొత్తం డాన్చిచ్ వెంట పడ్డాడు. టేటమ్ షాట్లు సరిగ్గా పడని రోజుల్లో రీబౌండ్లు (పడని షాట్ల బంతులు) తెచ్చాడు, మీదికి ఇద్దరొస్తే బంతి బయటికి పంపాడు. ఆ ఫైనల్స్‌లో బోస్టన్ తరఫున పాయింట్లలో, రీబౌండ్లలో, అసిస్టుల్లో (పక్కవాడి చేత బుట్ట వేయించిన పాసుల్లో) ముందున్నది టేటమ్. ఫైనల్స్ ఎంవీపీ మాత్రం బ్రౌన్‌కి వచ్చింది. అంతకుముందు తూర్పు ఫైనల్స్ (లీగ్‌లో తూర్పు సగం జట్ల ఫైనల్) ఎంవీపీ కూడా అతనిదే. ఇంతకంటే గొడవకి తగిన సందర్భం ఇంకోటి దొరకదు. ట్రోఫీ చేతిలోకి రాగానే బ్రౌన్ దాన్ని జట్టుతోనూ, పేరు పెట్టి మరీ టేటమ్‌తోనూ పంచుకుంటున్నానన్నాడు. టేటమ్ ముఖం చూసి లోపల కుళ్లుకుంటున్నాడని తేల్చిన వీడియోలు ఆ రాత్రే వచ్చాయి, నాకూ ఇద్దరు పంపారు. ఏడాది పొడవునా అతను ఇచ్చిన పాసులు వాళ్లకి కనిపించలేదు, ఒక్క క్షణం ముఖం కనిపించింది.

అసలు ఎక్కడ చూడాలో డెన్వర్ జట్టు ఆట చూసినవాళ్లకి తెలుసు. నికోలా యోకిచ్, జమాల్ మర్రీ 2016 నుంచి కలిసి ఆడుతున్నారు. యోకిచ్ బంతి పట్టుకుని నిలబడతాడు, మర్రీ అతని చుట్టూ తిరిగి చేతిలోంచి అందుకుంటాడు. డిఫెండర్ వెనకే వెంటపడితే మర్రీ లోపలికి వెళతాడు. కింది నుంచి అడ్డదారిలో వస్తే మర్రీ అక్కడే ఆగి షాట్ వేస్తాడు. ఇద్దరూ మర్రీ మీదికొస్తే బంతి యోకిచ్‌కి, అతను రింగుకి అయిదారు అడుగుల దూరంలో మెత్తగా విసిరేస్తాడు. ఏదీ కుదరకపోతే యోకిచ్ తిరిగొచ్చి రెండోవైపు స్క్రీన్ పెడతాడు (డిఫెండర్‌కి ఒంటితో అడ్డం నిలబడతాడు), మళ్లీ మొదట్నుంచి. మాటలు అక్కర్లేదు. 2023 ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో యోకిచ్ 32 పాయింట్లు, 21 రీబౌండ్లు, 10 అసిస్టులు. మర్రీ 34 పాయింట్లు, 10 రీబౌండ్లు, 10 అసిస్టులు. ఒకే జట్టులో ఇద్దరు ఒకే మ్యాచ్‌లో 30 పాయింట్లు దాటి ట్రిపుల్ డబుల్ (మూడు లెక్కల్లోనూ పదికి తగ్గకుండా) చేయడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి. వాళ్లు కోర్టు బయట ఎంత దగ్గరో ఎవరూ వాదించుకోరు. అవసరం రాదు, ఆటే చెబుతుంది.

నేను మ్యాచ్ చూసేటప్పుడు బంతి లేనివాళ్లని చూస్తాను. స్టార్ షాట్ కోసం రెండో స్టార్ స్క్రీన్ పెడుతున్నాడా, పెట్టినా ఒంటిని అడ్డం పెట్టి నిలబడుతున్నాడా, తాకీ తాకకుండా జారుకుంటున్నాడా. ఖాళీగా ఉన్నా పాస్ అందనివాడు తర్వాతి సారి మళ్లీ అంతే వేగంగా కట్ చేస్తున్నాడా. ఒకడు డిఫెన్స్‌లో మోసపోతే పక్కవాడు ఒక అడుగు ముందే కదులుతున్నాడా, లేక చూసి చేతులు చాపి నిలబడుతున్నాడా. ఈ మూడో దాంట్లో అబద్ధం ఆడటం కుదరదు. కెమెరా ముందు నవ్వుతూ చేతులు కలపొచ్చు. నమ్మకం లేనివాడి కోసం ముందే అడుగు వేయడం మాత్రం ఒంటికి రాదు.

చేతులు కలపడం గురించి ఒక పరిశోధన కూడా ఉంది. 2008-09 సీజన్ మొదట్లో ఎన్‌బీఏ ఆటగాళ్లు ఒకరినొకరు ఎంత తాకుతున్నారో, అంటే హైఫైలు, భుజం తట్టడాలు, కౌగిలింతలు, బర్కిలీ యూనివర్సిటీలో మైకేల్ క్రౌస్, డాకర్ కెల్ట్‌నర్ బృందం లెక్కగట్టింది. ఎక్కువ తాకుకున్న జట్లు సీజన్ తర్వాతి భాగంలో బాగా ఆడాయని తేల్చి 2010లో ప్రచురించింది. దీన్ని పట్టుకుని "చూశారా, హైఫై ఇవ్వలేదంటే జట్టు పనైపోయినట్టే" అంటుంటారు. ఆ పరిశోధన మొత్తం జట్టు అలవాటు గురించి. ఒకే రాత్రి ఒకే టైమౌట్‌లో ఒక చెయ్యి గాల్లో ఉండిపోవడం గురించి అది ఏమీ చెప్పదు.

ఇప్పటిదాకా గొడవల్ని కొంత వెనకేసుకొచ్చినట్టే మాట్లాడాను. వెనకేసుకురాలేని గొడవ ఒకటుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

1995 శిక్షణ శిబిరంలో మైకేల్ జోర్డాన్ సొంత జట్టు చికాగో బుల్స్ ఆటగాడు స్టీవ్ కర్‌ని కంటి మీద గుద్దాడు. జోర్డాన్ మాటలు పడలేక కర్ ఎదురు తిరిగాడు, ఛాతీ మీద నెట్టాడు, దెబ్బ తిన్నాడు. ఫిల్ జాక్సన్ జోర్డాన్‌ని ప్రాక్టీస్ నుంచి పంపించేశాడు. ఆ రోజే జోర్డాన్ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఆ సీజన్ బుల్స్ 72 గెలిచి 10 ఓడింది. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్, యూటాతో స్కోరు 86-86. టైమౌట్‌లో జోర్డాన్ కర్ వైపు తిరిగి, నీ మనిషి స్టాక్టన్ నా మీదికొస్తాడు, నువ్వు సిద్ధంగా ఉండు అన్నాడు. ఉంటానన్నాడు కర్. స్టాక్టన్ వచ్చాడు, బంతి కర్‌కి వెళ్లింది, అయిదు సెకన్లు మిగిలి ఉండగా షాట్ పడింది.

ఇరవై ఏడేళ్ల తర్వాత, 2022 అక్టోబర్ 5న, గోల్డెన్ స్టేట్ వారియర్స్ ప్రాక్టీస్‌లో డ్రేమండ్ గ్రీన్ జోర్డన్ పూల్ ముఖం మీద గుద్దాడు. ఆ జట్టు కోచ్ అదే స్టీవ్ కర్. రెండు రోజుల్లో వీడియో బయటికొచ్చింది. అప్పుడు మా గ్రూపులో సగం మంది ఒకే మాట: కర్ కూడా తిన్నాడు కదా, ఇద్దరూ కలిసి టైటిల్ గెలిచారు కదా, ఇదీ సర్దుకుంటుంది. దెబ్బ ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావని అప్పుడే అన్నాను.

కర్‌కి జోర్డాన్ స్థానంతో పోటీ లేదు. తను బెంచ్ నుంచి వచ్చి షాట్లు వేసేవాడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ గొడవ ప్రాక్టీస్ ఎంత గట్టిగా చేయాలన్న దాని చుట్టూ పుట్టింది, దాన్ని బయటివాళ్లెవరూ కళ్లతో చూడలేదు. వారియర్స్ దగ్గర అంతా తలకిందులు. పూల్ వయసు 23. అంతకుముందు వసంతంలో ప్లేఆఫ్స్‌లో 17 పాయింట్ల సగటుతో ఆడి టైటిల్ గెలవడంలో పాలు పంచుకున్నాడు. కొత్త కాంట్రాక్ట్ రాబోతోంది. నాలుగు టైటిళ్లు చూసిన గ్రీన్‌కి తను కోరుకున్న పొడిగింపు రావడం లేదు. పది రోజుల్లో పూల్ 140 మిలియన్ల దాకా వెళ్లే నాలుగేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఇది రెండో రకం గొడవ, మొదట్నుంచీ. పైగా ప్రపంచమంతా చూసిన అవమానం.

ఇదే గ్రీన్ 2018 నవంబరులో క్లిప్పర్స్‌తో మ్యాచ్ చివర్లో చప్పట్లు కొట్టి బంతి అడుగుతున్న సొంత జట్టు స్టార్ కెవిన్ డ్యూరాంట్‌కి ఇవ్వకుండా తనే తీసుకెళ్లి పోగొట్టాడు. బెంచ్ దగ్గర మొదలైన వాదన, డ్యూరాంట్ ఈ జట్టులో ఉంటాడా పోతాడా అనే దాకా వెళ్లింది. బంతి దగ్గర మొదలై స్థానం దగ్గర తేలింది. అప్పుడు జట్టు గ్రీన్‌ని ఒక మ్యాచ్ సస్పెండ్ చేసింది. డ్యూరాంట్ 2019లో వెళ్లిపోయాడు. మాటలకి సస్పెన్షన్ వేసిన జట్టు, గుద్దుకి వేయలేదు. జరిమానా కట్టించి, కొన్ని రోజులు దూరంగా ఉంచి, రెగ్యులర్ సీజన్ మొదటి మ్యాచ్‌కే ఆడించింది.

ఆ సీజన్ వారియర్స్ సొంత కోర్టులో 33 గెలిచి 8 ఓడింది. బయట 11 గెలిచి 30 ఓడింది. అంతా ఆ గుద్దు వల్లే అనను. జట్టు స్టార్ స్టీఫెన్ కరీ గాయపడ్డాడు, ఇంకో ఆటగాడు విగ్గిన్స్ కుటుంబ కారణాలతో చాలా మ్యాచ్‌లు ఆడలేదు. కానీ సొంత జనం అరుపులు లేని చోట అయిదుగురికీ మిగిలేది ఒకరికొకరే. అక్కడే ఆ జట్టు కుప్పకూలింది. సీజన్ అయ్యాక కర్ కూడా ఆ ఘటన నమ్మకాన్ని దెబ్బతీసిందని ఒప్పుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో పూల్ సగటు 10 దగ్గరికి పడిపోయింది. వేసవిలో అతన్ని వాషింగ్టన్‌కి పంపేసి క్రిస్ పాల్‌ని తెచ్చుకున్నారు. గ్రీన్‌కి నాలుగేళ్లకి 100 మిలియన్లు వచ్చాయి. ఆ తర్వాతి సీజన్‌లో ప్రత్యర్థి ఆటగాళ్లలో రూడీ గోబేర్ మెడ పట్టుకున్నందుకు ఒకసారి, యూసఫ్ నుర్కిచ్‌ని ముఖం మీద కొట్టినందుకు ఇంకోసారి లీగే అతన్ని సస్పెండ్ చేయాల్సి వచ్చింది.

గ్రీన్ లేకుండా ఆ టైటిళ్లు లేవని నాకు తెలుసు. డిఫెన్స్‌లో అతను మాట్లాడే మాటలే ఆ జట్టుకి పునాది. కానీ అంత పెద్దవాడు కాబట్టే ఆ రోజు కోచ్ అతన్ని ఓ పది మ్యాచ్‌లైనా కూర్చోబెట్టాల్సింది. కొట్టినవాడి స్థానం చెక్కుచెదరదని జట్టే చెప్పాక, దెబ్బ తిన్నవాడికి తన స్థానమేమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పటికీ పూల్‌ని మెత్తనివాడని, ఆ దెబ్బకి ఆట మర్చిపోయాడని తీసిపారేసే అభిమానులు నాకు తగులుతూనే ఉంటారు. ఆ సీజన్‌లో అతను 82కి 82 మ్యాచ్‌లూ ఆడాడు. ఒక్కటి కూడా మానలేదు. రోజూ అదే లాకర్ రూమ్‌లోకి వచ్చి, అదే మనిషి పెట్టిన స్క్రీన్ వెనకనుంచి బంతి తీసుకుని షాట్ వేశాడు. వాళ్లని నేను అడుగుతుంటాను: నీ ముఖం మీద గుద్దినవాణ్ని ఒక్క మ్యాచ్ కూడా ఆపని జట్టులో, అతని చేతి నుంచి పాస్ వస్తుందని నమ్మి నువ్వు ఎన్నిసార్లు కట్ చేయగలవు?